గీత కొట్టని దిమ్మ

చెక్క మీద బొమ్మ చెక్కి ప్రింట్లు తీసేవాళ్ళకు ఒక నియమం ఉంది. అనుకున్నన్ని ప్రింట్లు తీయడం అయిపోగానే, అంటే ఎడిషన్ ముగియగానే, ఆ దిమ్మ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఉలితో అడ్డంగా ఒక గీత కొట్టేయాలి. ఇంకెవరూ, చివరికి చెక్కిన మనిషి కూడా, దాన్ని మళ్ళీ వాడుకోకుండా. గీత కొట్టినట్టు సాక్ష్యానికి ఆ దిమ్మతోనే ఆఖరి ప్రింటు ఒకటి తీసి ఉంచాలి. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు ఈ ముక్క చెప్పేటప్పుడు కోమలి గొంతు కొంచెం తగ్గుతుంది. ఒక్క దిమ్మ విషయంలో ఆమే నియమం తప్పింది మరి.

ఆ సోమవారం కూడా అంతే. తిరుచానూరు రోడ్డులోని కళాకేంద్రంలో, వెనకవైపు రేకుల షెడ్డులో, పిల్లలు ప్రెస్సు చుట్టూ మూగి వింటున్నారు. పైన రేకులు కాగిపోతున్నాయి. ఫ్యాను తిరుగుతోందే గానీ ఇంకు వాసనను ఆ పక్క నుంచి ఈ పక్కకు తోలడం తప్ప ఇంకేమీ చేయడం లేదు. మీరు అన్నిటికీ గీత కొట్టినారా మేడమ్ అని శ్రీహిత అనే పిల్ల అడిగింది. ఆ పిల్లది గుడి కైంకర్యం చేసే ఇల్లు, నియమాలంటే పట్టింపు ఎక్కువ. ఒక్కదానికి తప్ప అని కోమలి ఉన్నమాటే చెప్పి, ఆ ఒక్కటీ చూపిద్దామని గోడ అరలోంచి గుడ్డలో చుట్టిన దిమ్మను దించింది.

అది మామిడి పలక. కోమలికి చంద్రగిరిలో కొన్నాళ్ళు ఉండి పనిచేసుకునే రెసిడెన్సీ దొరికినప్పుడు, కోట వెనక కొట్టేసిన తోటలోంచి తెచ్చుకుని, అక్కడ ఉన్నన్నాళ్ళూ దాని మీదే వంగి చెక్కింది. పైకి తెరిచిన రెండు అరచేతులు. అవి వాళ్ళమ్మ కృపామణివి. కృపామణి ఏళ్ళ తరబడి చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయల తొడిమలు కోసింది. తొడిమ తెగగానే చిమ్మే సొన పడిన చోటల్లా తోలు కాలి నల్లగా మచ్చ కట్టింది. ఒక ఎండాకాలం కత్తి ఎడమ అరచేతిని బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి దాకా చీల్చింది. ఆ చేతిలో రెండు వేళ్ళు ఇప్పటికీ ముడుచుకోవు.

చెక్క ప్రింటులో చెక్కిన చోటు తెల్లగా, వదిలేసిన చోటు నల్లగా పడుతుంది. కోమలి అరచేతులంతా వెంట్రుకవాసి గీతలు చెక్కి, సొన మచ్చలనూ కత్తి గాటునూ ఉలి తగలనీయకుండా వదిలేసింది. కాగితం మీద ముందు కంటపడేవి అవే. పది ప్రింట్లు తీసింది. అవి చెన్నైలో, హైదరాబాదులో గోడలెక్కాయి, నలుగురూ నిలబడి చూశారు. ఇక గీత కొట్టాల్సిన రోజు ఉలి పట్టుకుని చాలాసేపు కూచుంది. అమ్మ చేతుల మీద ఇంకో గాటు పెట్టడానికి మనసొప్పలేదు. గుడ్డలో చుట్టి, రెండు ముళ్ళు వేసి, అరలో పెట్టేసింది.

ఇప్పుడు గుడ్డకు ఒకటే ముడి ఉంది. కోమలి అది గమనించీ గమనించనట్టే విప్పి, అలవాటుగా వేళ్ళతో దిమ్మను తడిమింది. ఎడమ అరచేతి మీద గాటు ఉండాల్సిన చోట నున్నగా ఎత్తుగా తగలాలి. వేళ్ళకు గరగరమని గీతలు తగిలాయి. ఇంకోచోట తడిమింది. అక్కడా గీతలే. దిమ్మను ఎత్తి కిటికీ వెలుగుకు వంచి చూసింది. ఒక్క మచ్చ లేదు. ఎవరో సన్నని ఉలితో, పక్కన ఉన్న గీతల వంపును ఎక్కడా తప్పకుండా, మచ్చలన్నిటి గుండా గీతలు సాగదీశారు. చెక్కేసిన చెక్క మళ్ళీ అతుక్కోదు. అమ్మ చేతుల మీది ఇన్నేళ్ళ కష్టాన్ని ఎవరో ఈకలు పీకినట్టు పీకిపారేశారు.

మొరటుగా చేసి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇది ఎంత బాగా చేశారంటే చేసిందెవరో చెప్పనక్కర్లేదు. అంత సన్నని పని చేయగల చెయ్యి ఆ కేంద్రంలో కోమలిది కాక ఇంకొక్కటే ఉంది. కోమలికి ఉలి పట్టడం నేర్పిన చెయ్యి. ఆమె పిల్లలను బయటికి పంపేసి, దిమ్మను చంకన పెట్టుకుని నేరుగా డైరెక్టరు గదికి నడిచింది.

లక్ష్మీనరసింహ సారు కాఫీ తాగుతున్నాడు. నుదుట నామం చెక్కుచెదరలేదు. దిమ్మను చూసి ఆయన మొహంలో తత్తరపాటు కనిపిస్తుందనుకుంది. కనిపించింది సంతోషం.

"చూసినావా? నీ చెయ్యే అనుకుంటారు ఎవురైనా," అన్నాడు.

"ఎవరినడిగి చెక్కినారు సార్?"

"అడిగితే ఒప్పుకొనేదానివా నువ్వు?"

ఆయన కూచోమన్నాడు, ఆమె కూచోలేదు. ఆయనే విడమరిచి చెప్పుకొచ్చాడు. శనివారం కొత్త గ్యాలరీ ప్రారంభం, కోమలి ప్రింట్లతోనే మొదటి ప్రదర్శన. గ్యాలరీ కట్టించింది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కుప్పుస్వామి గారు. ఆయనకు ఈ చేతుల బొమ్మ తెగ నచ్చింది, తన రసం డబ్బాల మీద వేయించుకుంటానంటున్నాడు. తినే వస్తువు మీద మచ్చలు, గాట్లు ఏం బాగుంటాయి? శనివారం సభలో కోమలి అందరి ముందరా ఒక ప్రింటు తీసి, సంతకం పెట్టి, ఆయన చేతికివ్వాలి. చేతి సంతకం ఉన్న అసలు ప్రింటే కావాలని ఆయన పట్టుబట్టాడట. గెస్టు టీచరుగా ఎన్నాళ్ళు పాఠాలు చెబుతావు, నిన్ను పర్మనెంటు చేసే కమిటీలో కూడా ఆయన ఉన్నాడు కదా, అని చివరన ఒక బెల్లం ముక్క పెట్టాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. దిమ్మ కోమలిది, చేతులు కృపామణివి, దానం మాత్రం సారుది. కృపామణి పనిచేసింది ఆ ఫ్యాక్టరీలోనేనని, ఆ చేతులు ఆమెవేనని ఆయనకు తెలియకా కాదు. చంద్రగిరిలో చెక్కుతున్నప్పుడు రెండుసార్లు వచ్చి చూసి, కళ్ళు తుడుచుకుని మరీ వెళ్ళినవాడు.

"ఎడిషన్ అయిపోయిన దిమ్మతో మళ్ళీ ప్రింటు తీయకూడదని మీరే కదా సార్ మాకు నేర్పింది," అంది కోమలి.

"గీత కొట్టినావా మరి? కొట్టకుండా దాచుకున్నావంటే ఇంకా వాడాలని ఉందనే కదా అర్థం."

తల గొరిగించాక తిథి నక్షత్రం చూసినట్టు, ఇంతా చేసి అప్పుడు అడిగాడు, నీకేమన్నా అభ్యంతరమా అని. ఆ వెంటనే సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. నిన్న సాయంత్రం తనే తీసి చూసుకున్న ప్రూఫు, అదొక్కటే తీశాడట. కుడివైపు ఇంకు చాలక పలచగా పడింది. రెండు చేతులూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. కోమలికి అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం వస్తే మాట పడిపోవడం ఆమెకు తల్లి నుంచి వచ్చిన ఆస్తి. ప్రూఫును చుట్టి సంచిలో పెట్టుకుని, దిమ్మను మళ్ళీ అరలో పెట్టేసి, బస్టాండుకు పోయి చిత్తూరు బస్సెక్కింది.

బస్సు చంద్రగిరి దాటే దాకా సారును తిడుతూనే ఉంది, పైకి కాదు. రోడ్డు పక్క తోతాపురి కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ దారి పట్టి బారులు తీరి నిలబడ్డాయి. వాటిని చూసేసరికి కోపం ఇంకో మెట్టు ఎక్కింది. అమ్మకు చూపించాలి. అమ్మ శాపనార్థాలు పెట్టాలి. ఆ శాపనార్థాలు మూటగట్టుకుని వచ్చి సారు మొహాన కొట్టాలి. పాకాల క్రాసులో దిగి కాలనీకి నడిచేసరికి ఎండ చల్లబడింది.

కృపామణి వాకిట్లో గోనెపట్టా పరుచుకుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎడమచేత్తో పండును నేలకు అదిమిపెట్టి, కుడిచేత్తో చిన్న ఇనుప కడ్డీతో కొట్టి గింజ ఊడదీస్తుంది. ఎడమచేయి పట్టుకోలేదు, అదిమిపెట్టగలదు. ఫ్యాక్టరీ మానేశాక ఆమె ఆ చేతికి కుదిరే పని ఇట్లా కనిపెట్టుకుంది. కూతురు ముఖం చూసి ఏమీ అడక్కుండా చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. కోమలి నీళ్ళు తాగకుండానే ప్రూఫు విప్పి పట్టా మీద పరిచింది.

"ఎవురివి ఇవి?"

"నీవే మా. సారు మచ్చలన్నీ చెక్కేసినాడు."

కృపామణి చేతులు కొంగుకు తుడుచుకుంది. కాగితానికి చింతపండు జిగట అంటుతుందేమోనని మళ్ళీ ఒకసారి తుడుచుకుంది. ఎడమచేతిని కాగితం పక్కన పెట్టి, దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూసింది. కోమలి శాపనార్థాల కోసం ఎదురుచూస్తోంది.

"బాగుండాయి కదా పాపా," అంది కృపామణి. "పెండ్లినాటికి ఇట్లనే ఉండె నా చేతులు. నాకొకటి ఇస్తావా?"

కోమలికి చెంప మీద కొట్టినట్టయింది. నీకు కోపం రాలేదా అని గట్టిగానే అడిగింది. నీ చేతుల మీద నీ కష్టం లేకుండా చేశారు, నువ్వేమో బాగున్నాయంటావేంటి అని నిలదీసింది. కృపామణి కడ్డీ అందుకుని ఇంకో గింజ ఊడగొట్టింది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"నువ్వు నా మచ్చలు గోడలకు కొట్టి ఊరూరా చూపిస్తివే, అప్పుడు నన్నడిగినావా? ఆదివారం ప్రార్థనలో చెయ్యెత్తాలంటే కొంగు చుట్టుకుంటా నేను. నువ్వు సూల్లేదా?"

చూసింది. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. చర్చిలో అందరి చేతులూ లేస్తే అమ్మ చెయ్యి మాత్రం చీర కొంగులో ముడుచుకుని లేచేది. అది భక్తి అనుకుంది. ఎవరినడిగి చెక్కినారు అని పొద్దున తను సారును అడిగిన ప్రశ్న ఇప్పుడు తిరిగి తన ముందుకే వచ్చి కూచుంది. కోపం పోలేదు. ఎటు తిరగాలో తెలియక లోపలే సుళ్ళు తిరిగింది. పది ప్రింట్ల మీదా పెన్సిలుతో తన పేరు రాసుకుంది తప్ప, కృపామణి అన్న పేరు ఒక్కదాని మీదా రాయలేదు.

"ఇది నీ కోసం చేసింది కాదు మా," అంది చివరికి, చిన్నగా. "కుప్పుస్వామి అడిగినాడంట. రసం డబ్బాల మీద వేసుకుంటాడంట."

కడ్డీ ఆగింది.

"మన కుప్పుస్వామినా?"

"ఊ."

కృపామణి అప్పటిదాకా ఎప్పుడూ పూర్తిగా చెప్పని సంగతి అప్పుడు చెప్పింది. చెయ్యి తెగిన ఆ ఎండాకాలం కాయలు తెచ్చే బెల్టు వేగం పెంచారు. కాయ చేతికందేలోపలే ఇంకో కాయ వచ్చి పడేది. చెయ్యి తెగి నెత్తురు చిమ్మితే పక్కనున్న దేవకమ్మ కేకేసింది, బెల్టు ఆపమని. అప్పుడే కుప్పుస్వామి ఎవరినో వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ చూపిస్తూ వస్తున్నాడు. కృపామణి వైపు చూడనైనా చూడలేదు. ఏం లేదు, కత్తి జారింది, బెల్టు ఆపొద్దండి అని మేస్త్రీతో అని, వచ్చినవాళ్ళను అవతలికి తీసుకుపోయాడు. బెల్టు మీద పోతున్న కాయలకు నెత్తురంటింది కదా, అంటినవి ఏరి పారేసి ఆసుపత్రికి పొమ్మన్నాడు మేస్త్రీ. కృపామణి ఎడమచేతికి కొంగు చుట్టుకుని, కుడిచేత్తో తన నెత్తురంటిన కాయలు తనే ఏరింది. అన్నీ ఏరాకనే కుట్లు వేయించుకుంది.

ఇంత తెలియకుండానే ఆ చేతులను అంత శ్రద్ధగా చెక్కినందుకు కోమలికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఈ కాగితం నాకియ్యి," అంది కృపామణి, ప్రూఫును మెల్లగా చుడుతూ. "వానికి మాత్రం ఇయ్యొద్దు. వాడు చెడగొట్టిన చేతులు వాడే బాగుచేసినట్టు డబ్బాల మీద ఏసుకొనేదా?" దిమ్మకు గీత కొట్టేస్తే ఇంకెవరూ దాన్ని వాడుకోలేరని కోమలి చెప్పింది. కృపామణి ఆగి, ఇంకో మాట అంది. "శనివారం నేనూ వస్తా."

ఇన్నేళ్ళలో కూతురి ప్రదర్శన ఒక్కదానికీ రాని మనిషి ఆమె.

శుక్రవారం కేంద్రంలో హడావుడి. గుమ్మానికి పూలు, లోపల మైకు, షెడ్డులోంచి మోసుకొచ్చిన ప్రెస్సు. గోడలకు కోమలి ప్రింట్లు తగిలిస్తున్నారు. చేతుల బొమ్మ పాతది మాత్రం ఒక్కటీ లేదు, దాని చోటు ఖాళీగా ఉంచారు. రేపు కొత్తది తీశాక అక్కడ దాన్ని ఎత్తి పట్టుకుని ఫొటో అట. లక్ష్మీనరసింహ సారు ఎదురుపడి, ప్రింటు తీస్తావు కదా అని అడిగాడు. తీస్తాను సార్ అంది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, నీకు మంచి రోజులొచ్చాయమ్మా అన్నాడు. నిజంగానే అభిమానంగా అన్నాడు. దానికి ఇంకా మండింది.

అందరూ భోజనాలకు పోయినప్పుడు షెడ్డు తలుపు దగ్గరగా వేసి, దిమ్మను బల్ల మీద పెట్టుకుంది. గీత కొట్టడానికి వెడల్పు ఉలి తీసింది. ఎడమ మూలన మొన ఆనించింది. నెట్టబోయే సమయానికి చేతులు మొరాయించాయి. మచ్చలు పోయినా ఆ చేతులు అమ్మవే. ఇంకు పలకను తుడిచినట్టు నటిస్తూ కాసేపు గడిపి మళ్ళీ ప్రయత్నించింది. ఉలి వణికి పక్కకు జారి బల్ల చెక్కలో దిగింది. చేతకానితనానికి సిగ్గుపడి దిమ్మను మళ్ళీ చుట్టిపెట్టింది.

శనివారం సాయంత్రం గ్యాలరీ నిండింది. కృపామణి ఇస్త్రీ చీర కట్టుకుని, చేతులు రెండూ కొంగులో దాచుకుని, దేవకమ్మను తోడు తెచ్చుకుంది. ముందు వరసలో సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అయినా బ్యాడ్జీ పెట్టుకున్న మనిషొకడు వాళ్ళిద్దరినీ చూసి, అవి గెస్టులకమ్మా అని వెనక గోడ దగ్గరికి పంపాడు. ప్రెస్సు పక్కన నిలబడ్డ కోమలి అది చూసింది. ఇక్కడ గెస్టు అంటే రెండు రకాలన్నమాట. ఒకరికి ముందు కుర్చీ, ఇంకొకరికి ఏటికేడాది పొడిగింపు.

శాలువాలు అయ్యాయి. కుప్పుస్వామి మైకు తీసుకున్నాడు. నెరిసిన మీసం, మెత్తని మాట. కూలి తల్లుల చేతులే తన ఫ్యాక్టరీకి అసలు పెట్టుబడి అన్నాడు. ఆ చేతులకు వందనం అని, నిజంగానే రెండు చేతులూ జోడించాడు. చప్పట్లు మోగాయి. వెనక గోడ దగ్గర ఇద్దరు మాత్రం కొట్టలేదు.

తర్వాత సారు కోమలిని పిలిచాడు. ఆమె బల్ల మీద దిమ్మను పెట్టింది. ఇంకును గాజు పలక మీద సన్నగా పరిచి, రోలరుతో దిమ్మకు ఒక వరస, మళ్ళీ అడ్డంగా ఒక వరస పట్టించింది. చేతులు నల్లగా మెరిశాయి. కుప్పుస్వామి ఒక అడుగు ముందుకు వచ్చి ఆసక్తిగా చూస్తున్నాడు. ఫొటోలవాళ్ళు వంగారు. ఇక కాగితం పరచడమే తరువాయి అని అందరూ అనుకుంటుండగా కోమలి ఉలి అందుకుంది. ఏదో చిన్న సవరణ అనుకుని సారు నవ్వుతూ తలాడించాడు.

మొన ఆనించింది. మళ్ళీ అదే వణుకు. దిమ్మ బల్ల మీద అటూ ఇటూ కదిలింది. కోమలి తలెత్తి జనంలోకి చూసింది, ఎవరిని వెతుకుతోందో ఆమెకే తెలుసు.

కృపామణి అప్పటికే నడిచి వస్తోంది. బ్యాడ్జీ మనిషి అడ్డం రాబోతే దేవకమ్మ వాడిని ఒక చూపు చూసింది, అంతే. కృపామణి బల్ల దగ్గరికి వచ్చి, ఇంత మంది ముందు కొంగులోంచి చేతులు బయటికి తీసింది. చింతపండు అదిమిపెట్టినట్టే దిమ్మ అంచును రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ముడుచుకోని రెండు వేళ్ళు చెక్క మీద నిటారుగా నిలిచాయి.

"నేను పట్టుకుంటా. గియ్యి పాపా," అంది. "ఇది చెక్కనే కదా."

కోమలి ఉలిని నెట్టింది. దారికి అడ్డం చెయ్యి లేదని ఒకసారి చూసుకుని, మూల నుంచి మూలకు, ఎడమ అరచేతి గుండా, కుడి మణికట్టు మీదుగా, ఆపకుండా నెట్టింది. నల్లని ఇంకు మధ్యన మామిడి చెక్క పచ్చిగా బయటపడింది. చుట్టలు చుట్టుకున్న పొట్టును ఊదేసింది. లక్ష్మీనరసింహ సారుకు అర్థమైంది. ఆ పెద్దమనుషుల్లో అర్థమైనవాడు ఆయనొక్కడే. అందుకే ఆయన మొహం పాలిపోయింది.

"ఏం చేసినావు కోమలీ?" అన్నాడు, గొంతు వినబడకుండా.

"మీరు నేర్పిందే సార్. ఎడిషన్ అయిపోయింది."

కాగితం పరిచింది. ప్రెస్సు చక్రం తిప్పింది. కాగితాన్ని ఒక చివర నుంచి మెల్లగా ఎత్తింది. నున్నని రెండు చేతులు, వాటిని నరుక్కుంటూ పోయిన తెల్లని గాటు. కింద పెన్సిలుతో ముందు కృపామణి అని రాసింది, దాని కింద తన పేరు రాసి, పక్కన రద్దు అని రాసింది. రెండు చేతులతో కుప్పుస్వామికి అందించింది. ఈ ప్రింటుతో తన ఉద్యోగం కూడా ఆయన చేతిలో పెడుతున్నానని ఆమెకు తెలుసు. ఆ క్షణాన దాని గురించి బాధ పడదామన్నా బాధ రాలేదు.

కుప్పుస్వామి కాగితం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫొటోలవాళ్ళు తీస్తూనే ఉన్నారు. ఆయన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, ఎక్కడ దించాలో తెలియనట్టు.

"మధ్యలో ఈ గీత ఏందిమ్మా?" అని కోమలిని అడిగాడు.

జవాబు కోమలి చెప్పలేదు. బల్ల మీది చేతులు తీయకుండానే కృపామణి చెప్పింది.

"ఏం లేదు సార్. కత్తి జారింది."

కుప్పుస్వామి అప్పుడు తల తిప్పి ఆమెను చూశాడు. ముందు ముఖాన్ని, తర్వాత దిమ్మ పక్కనున్న ఎడమచేతిని, మళ్ళీ ముఖాన్ని. ఆమె చూపు దించలేదు. ఇంకు ఇంకా ఆరలేదు. కాగితం పట్టుకున్న చోట ఆయన వేళ్ళకు నల్లగా అంటుకుంటోంది.